ఓరుగల్లులో ఐరిష్ సెషన్ నడపడం ఎలా?

ఐర్లండ్ పశ్చిమ తీరంలో, క్లేర్ కౌంటీలో, మోహర్ కొండచరియలకు కాస్త ఉత్తరంగా డూలిన్ అనే చిన్న ఊరు ఉంది. అట్లాంటిక్ గాలికి ఎదురుగా ఉన్న ఆ ఊరికి సంగీతం వినడం కోసమే దేశదేశాల నుంచి జనం వస్తారు. వచ్చినవాళ్ళకు అక్కడ కచేరీ మాత్రం కనిపించదు. పొద్దుపోయాక ఏదో ఒక పబ్బులో, మూలనున్న బల్ల చుట్టూ నలుగురో ఎనిమిదిమందో కూర్చొని ఉంటారు. ఒకరు ఫిడిల్ మీద ఒక ట్యూన్ ఎత్తుకుంటారు, తెలిసినవాళ్ళు అందుకుంటారు, తెలియనివాళ్ళు వాద్యం ఒళ్ళో పెట్టుకొని వింటారు. వేదిక, మైకు, కార్యక్రమ పత్రం, శాలువా ఏవీ ఉండవు. వాయించేవాళ్ళ ముఖాలు జనం వైపు కాకుండా ఒకరి వైపు ఒకరికి తిరిగి ఉంటాయి. దీన్నే సెషన్ అంటారు.

హనుమకొండ, వరంగల్, కాజీపేటలలో గానీ, జనగామ, కరీంనగర్ వంటి ఊళ్ళలో గానీ అటువంటి సెషన్ ఒకటి మొదలుపెట్టి నిలబెట్టాలనుకొనేవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. నా అభిప్రాయంలో అక్కడి నుంచి మనం ముందుగా తెచ్చుకోవలసినవి వాద్యాలు కావు, కూర్చొనే పద్ధతి. ఆ పద్ధతి కుదిరితే ట్యూన్లు నెమ్మదిగా వాటంతట అవే వస్తాయి; అది కుదరకపోతే ఎంత ఖరీదైన ఫిడిల్ తెప్పించినా ఆ కూటమి మూడు నెలల్లో ఆర్కెస్ట్రాగా మారిపోతుంది, లేదా చెదిరిపోతుంది. ఊళ్ళో శనివారం భజనలో కూర్చున్న అలవాటు ఉన్నవారికి ఇందులో సగం ముందే తెలుసు. అక్కడ హార్మోనియం వాయించే ఆయన ఎవరినో మెప్పించడానికి వాయించడు, తాళాలు పట్టుకున్న ముసలాయన తన వంతు కోసం ఎదురుచూడడు, గొంతు బాగాలేదని ఎవరినీ బయటికి పంపరు.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో కొంత తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే మన దగ్గర చోటు ఎంచుకొనేటప్పుడు అది పనికివస్తుంది. ఐరిష్ సంగీతమంటే పబ్బు, పబ్బంటే మద్యం అని చాలామంది అనుకుంటారు. నిజానికి పందొమ్మిదో శతాబ్దంలోనూ, ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలోనూ ఈ సంగీతం నడిచింది ఎక్కువగా పల్లెటూరి వంటిళ్ళలో, నాలుగు దారుల కూడళ్ళలో, నాట్యం కోసం. 1935లో వచ్చిన పబ్లిక్ డాన్స్ హాల్స్ చట్టం నాట్యానికి లైసెన్సు తప్పనిసరి చేసింది. ఇళ్ళలో జరిగే నాట్యాలను కూడా మతాధికారులు, పోలీసులు ఆ చట్టం పేరుతో అడ్డుకోవడంతో ఆ అలవాటు దెబ్బతిన్నది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత కూలిపనులకు లండన్ వలసపోయిన ఐరిష్ వాళ్ళకు కూర్చొని వాయించుకోవడానికి ఇళ్ళలో చోటు లేక పబ్బులకు చేరారు. ఇప్పుడు మనం చూస్తున్న పబ్బు సెషన్‌కు రూపం వచ్చింది ఎక్కువగా అక్కడే. 1951లో మల్లింగార్ పట్టణంలో కోల్టస్ అనే సంస్థ ఏర్పడి, ఫ్లా అనే వార్షిక సంగీతోత్సవాన్ని మొదలుపెట్టింది. క్లేర్ తీరంలోనే ఉన్న మిల్‌టౌన్ మాల్బే ఊరివాడు, ఇలన్ పైప్స్ (మోచేతితో తిత్తి ఆడించి వాయించే ఐరిష్ బ్యాగ్‌పైప్) వాద్యకారుడు విల్లీ క్లాన్సీ 1973లో చనిపోతే, ఆ సంవత్సరమే ఆయన పేరున వేసవి బడి పెట్టారు. ప్రతి జూలైలోనూ వారం రోజులు నడిచే ఆ బడిలో పగలు తరగతులు, రాత్రి ఊరంతా సెషన్లు. ఇలన్ పైప్స్ వాదనాన్ని 2017లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

డూలిన్‌కు పేరు తెచ్చినవారిలో ముఖ్యుడు మీహో రసెల్. 1915లో పుట్టి 1994లో పోయిన ఈయన రైతు, టిన్ విజిల్ వాద్యకారుడు. తమ్ముళ్ళు పాకీ, గసీ కూడా వాయించేవారు. మీహో వాదనంలో వేగం, ఆర్భాటం ఉండవు. పక్కవాడికి అర్థమయ్యేటంత నింపాదిగా ట్యూన్ విప్పి చూపినట్లు ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవారు ముందు వినవలసింది మెరుపు వేగంతో వాయించే బృందాలను కాదు, ఇటువంటి పల్లె వాద్యకారులను.

చోటు, వేళ

వంటింట్లో మొదలైన సంగీతం కాబట్టి మనకు పబ్బు అవసరం లేదు. ఎవరి ఇంట్లోనైనా హాలు సరిపోతుంది. కానీ ప్రతివారమూ ఒకరి ఇంటి మీదే పడితే ఆ ఇంటి ఆడవాళ్ళకు చాయ్‌లు కాచే పని తప్ప సంగీతం మిగలదు. పైగా కొత్తవాళ్ళు పరాయి ఇంటికి రావడానికి మొహమాటపడతారు. నా సలహా అయితే ఆదివారం మధ్యాహ్నం నాలుగు నుంచి ఆరున్నర వరకు గిరాకీ తక్కువగా ఉండే టిఫిన్ హోటలు లోపలి గదిని మాట్లాడుకోవడం. అద్దె ఇస్తామనకండి; వచ్చిన ప్రతివారూ చాయ్, మిర్చి బజ్జీ తీసుకుంటారని మాట ఇవ్వండి. ఐర్లండ్ పబ్బుల లెక్క కూడా ఇంతే. యజమానికి అమ్మకం పెరుగుతుంది కాబట్టి సెషన్ నిలుస్తుంది. చాలా పబ్బులలో ఇద్దరు ముగ్గురు వాద్యకారులకు కొంత డబ్బు ఇచ్చి, వారం వారం తప్పకుండా రమ్మంటారు. మిగతావాళ్ళు ఊరికే వచ్చి కలుస్తారు. మనకు డబ్బు ఇచ్చేవాళ్ళు లేరు గనుక ఆ ఇద్దరు ముగ్గురి బాధ్యత స్నేహం మీదే నడవాలి. వర్షం పడ్డా, పెళ్ళిళ్ళ సీజను అయినా, ఎవరూ రాకపోయినా ఆ గదిలో ఆ వేళకు ఉంటామని మాట ఇచ్చుకొన్న ఇద్దరు దొరికేదాకా సెషన్ ప్రకటించవద్దు.

గది చూసేటప్పుడు రెండు సంగతులు గమనించండి. మొదటిది, ఆడవాళ్ళు, పిల్లలు జంకు లేకుండా వచ్చే చోటా కాదా అన్నది. రెండవది నేల, గోడలు. షాబాద్ బండలు పరిచిన గదిలో విజిల్ మోత రెట్టింపవుతుంది. నలుగురు విజిల్ వాయిస్తే చెవులు గింగురుమంటాయి. గోడకు ఒక మందపాటి తెర, కింద రెండు జంపఖానాలు ఉంటే చాలు. హనుమకొండ పబ్లిక్ గార్డెన్ వంటి ఆరుబయట చోట్లు చూడటానికి బాగుంటాయి గానీ అక్కడ శబ్దం చెదిరిపోతుంది, చుట్టూ గుంపు చేరి ఫోన్లు పైకెత్తుతుంది, దానితో వాయించేవాళ్ళు తెలియకుండానే బయటికి తిరిగి కూర్చుంటారు.

వాద్యాలు

టిన్ విజిల్‌తో మొదలుపెట్టడం తేలిక. ఆరు రంధ్రాల లోహపు గొట్టం, ప్లాస్టిక్ మూతి. చౌకైన వాద్యం, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. కొనేటప్పుడు తప్పకుండా డి శ్రుతిది కొనాలి, సెషన్ ట్యూన్లలో ఎక్కువ భాగం దానికి సరిపోయేవే. డి అంటే మన కట్టెల లెక్కలో రెండు కట్టెల శ్రుతి. ఆరు రంధ్రాలూ మూస్తే షడ్జం, కింది నుంచి ఒక్కొక్కటే తెరుస్తూపోతే శంకరాభరణం ఆరోహణ వస్తుంది. గట్టిగా ఊదితే అదే పై స్థాయిలో వస్తుంది. శ్రుతి కాస్త హెచ్చుగా ఉంటే మూతి భాగాన్ని వేడినీళ్ళలో కాసేపు ముంచండి. లోపలి జిగురు వదులై మూతి జరుగుతుంది, బయటికి లాగితే శ్రుతి దిగుతుంది.

విజిల్ కొనేలోగా ఇంట్లో బాన్సురి ఉంటే దానితోనే మొదలుపెట్టవచ్చు. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. బాన్సురికి పేరు పెట్టేది పై మూడు రంధ్రాలు మూసినప్పుడు వచ్చే షడ్జాన్ని బట్టి; విజిల్‌కు పేరు ఆరు రంధ్రాలూ మూసినప్పుడు వచ్చే స్వరాన్ని బట్టి. అందువల్ల డి విజిల్‌కు జత కావలసింది డి బాన్సురి కాదు, జి బాన్సురి. జి బాన్సురిలో ఆరూ మూస్తే మంద్ర పంచమం, అంటే డి. అక్కడి నుంచి ఒక్కొక్కటే తెరిస్తే విజిల్‌లో వచ్చిన స్వరాలే వరుసగా వస్తాయి. వాద్యాల దుకాణంలో ఈ సంగతి చెప్పి కొనుక్కొంటే తరువాత బాధ ఉండదు.

వయొలిన్ మనకు కొరత లేదు. వరంగల్‌లో సంగీతం నేర్చుకొన్న పిల్లల్లో వయొలిన్ పట్టినవారు ఎప్పుడూ ఉంటారు. కర్ణాటక పద్ధతిలో తీగలను స-ప-స-ప అని శ్రుతి చేస్తారు. ఫిడిల్‌కు జి-డి-ఎ-ఇ, అంటే ప్రతి తీగా కింది తీగకు పంచమం మీద ఉంటుంది. ట్యూన్లలో వేళ్ళ అమరిక అంతా దాని మీదే ఆధారపడి ఉంది కనుక సర్దుకుపోదామనుకోకుండా, వీలుంటే రెండో వయొలిన్ ఒకటి ఆ శ్రుతిలో ఉంచుకోండి. కుర్చీలో కూర్చొని గడ్డం కింద పెట్టుకోవాలన్న నియమం మనకు అక్కరలేదు. నేల మీద కూర్చొని పాదం మీద ఆనించి వాయించినా ట్యూన్‌కు వచ్చే నష్టం లేదు.

హార్మోనియం ఉన్న ఇల్లు ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. దాన్ని తోసిపుచ్చవద్దు. మెట్ల మీద ట్యూన్ స్పష్టంగా పలుకుతుంది. బెలోస్ నెమ్మదిగా ఆడించి, ఒక్క చేతితో ట్యూన్ మాత్రమే వాయించమనండి. గిటార్ మాత్రం ఒకసారికి ఒక్కటే ఉండాలి. ఇద్దరు గిటారిస్టులు చెరొక రకం కార్డ్ పట్టుకుంటే ఏ ట్యూనూ బతకదు. గ్రీకు దేశపు తీగవాద్యం బుజూకీ 1960లలో ఐరిష్ సంగీతంలో చేరి, ఇప్పుడు అక్కడిదే అన్నంతగా కలిసిపోయింది. కాబట్టి పరాయి వాద్యం అన్న అభ్యంతరం ఐరిష్ వాళ్ళకే లేనప్పుడు మనకెందుకు?

తాళవాద్యం దగ్గర మాత్రం గట్టిగా ఉండాలి. బౌరాన్ అనే మేకతోలు పలకవాద్యాన్ని 1960లలో షాన్ ఓ రియాడా అనే సంగీతకర్త ప్రచారంలోకి తెచ్చాడు. కుడిచేతిలోని చిన్న పుల్ల తోలు మీద అటూ ఇటూ ఆడుతుంటే, ఎడమచెయ్యి చట్రం లోపలి నుంచి తోలును వెనకవైపు నొక్కుతూ, వదులుతూ ఉంటుంది. ఆ లోపలి చెయ్యి జరిగే తీరును బట్టి అదే దెబ్బ ఒకసారి గుమ్మని, ఒకసారి టక్కని పలుకుతుంది. మన డప్పుకూ మేకతోలే, చట్రమే. కానీ చిర్ర, సిటికెన పుల్లతో వాయించే డప్పు ఊరేగింపులో దారి నడిపించే వాద్యం, గదిలో పెడితే మిగతావన్నీ మునిగిపోతాయి. దానికి బదులు కంజీర తీసుకోండి, లేదా డోలక్‌ను వేళ్ళతో మాత్రమే వాయించమనండి. ఏదైనా సరే ఒకసారికి ఒకటే. డూలిన్‌లో కూడా రెండో బౌరాన్ గదిలోకి వస్తే అందరి ముఖాలూ కాస్త మారతాయి. మే నెలలో మన ఎండకు బౌరాన్ తోలు బిగుసుకొని కీచుమంటుంది. వాయించే ముందు తడిబట్టతో లోపలివైపు అద్దాలి. వానాకాలంలో దీనికి విరుద్ధంగా సాగిపోతుంది, అప్పుడు పొడి వేడి తగిలించాలి. డప్పు కాచుకొనే ఊరివాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు.

శ్రుతి, రాగం, తాళం

సంగీతం నేర్చుకొన్నవారికి ఇక్కడే ఎక్కువ లాభం ఉంది. ఐరిష్ ట్యూన్లు దాదాపుగా నాలుగు స్వరక్రమాలలో నడుస్తాయి, నాలుగూ మనకు మేళకర్తలే: శంకరాభరణం, ఖరహరప్రియ, హరికాంభోజి, నఠభైరవి. డి విజిల్ మీద ఉన్న ఒకే శంకరాభరణంలో రిషభాన్ని షడ్జంగా తీసుకుంటే ఖరహరప్రియ, పంచమాన్ని తీసుకుంటే హరికాంభోజి, ధైవతాన్ని తీసుకుంటే నఠభైరవి వస్తాయి. గ్రహభేదం పాఠంలో చదువుకొన్నదే ఇక్కడ వేళ్ళ కింద కనిపిస్తుంది. ఇక మధ్యమాన్ని, అంటే జి స్వరాన్ని షడ్జం చేసుకుంటే మామూలుగా కల్యాణి రావాలి. కానీ ఐరిష్ వాళ్ళు అక్కడ కల్యాణి కాకుండా శంకరాభరణమే వాయిస్తారు. దానికి డి విజిల్‌లోని కాకలి నిషాదానికి బదులు కైశికి నిషాదం కావాలి. పై రంధ్రం తెరిచి, దాని కింది రెండూ మూసి, మిగతా మూడూ తెరిస్తే అది పలుకుతుంది. ఈ ఒక్క వేళ్ళపట్టు వస్తే సెషన్ ట్యూన్లలో చాలా భాగం చేతికి అందుతాయి.

షడ్జం ట్యూన్‌కూ ట్యూన్‌కూ మారుతుంది గనుక ఎలక్ట్రానిక్ తంబూరాను శ్రుతి చేసుకోవడానికి మాత్రమే వాడి, తరువాత ఆపేయాలి. ఇది మనవాళ్ళకు కష్టంగా ఉంటుంది. శ్రుతి వినపడకపోతే నేల కదిలినట్లు ఉంటుంది. అయినా ఆపాలి, ఎందుకంటే ఇ మీద నడిచే ఖరహరప్రియ ట్యూన్ కింద డి మోగుతూ ఉంటే ఆ ట్యూన్ రంగే మారిపోతుంది.

గమకం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. శంకరాభరణం అనగానే వేళ్ళు గాంధారాన్ని ఊపడానికి సిద్ధమవుతాయి. ఐరిష్ అలంకారాలు ఊపేవి కావు, విరిచేవి. ఒకే స్వరం రెండుసార్లు వస్తే నాలుకతో విడగొట్టకుండా, పైనున్న ఒక వేలిని రెప్పపాటులో ఎత్తి దించుతారు. దాన్ని కట్ అంటారు. కింది వేలితో రంధ్రాన్ని ఒక్కసారి తట్టడం ట్యాప్. స్వరం, కట్, స్వరం, ట్యాప్, స్వరం వరుసగా వస్తే అది రోల్. ఇవన్నీ తాళాన్ని పదును పెట్టడానికే తప్ప రాగభావం కోసం కాదు. ముందు ఏ అలంకారమూ లేకుండా ట్యూన్ నడవనివ్వండి. కంపితం మాత్రం గుమ్మం బయట విడిచి రండి.

తాళం లెక్క మనకు అచ్చంగా సరిపోతుంది. జిగ్, రీల్ అన్నవి నాట్యపు ట్యూన్ల రకాలు. జిగ్ అంటే తకిట తకిట, తిస్రగతి. రీల్ అంటే తకధిమి తకధిమి, చతురశ్రగతి. మామూలు ట్యూన్‌కు రెండు భాగాలు ఉంటాయి. ఒక్కో భాగం ఎనిమిది బార్లు (తాళపు గడులు), బారుకు రెండు దెబ్బలు, అంటే పదహారు దెబ్బలు, ఆదితాళంలో రెండు ఆవర్తనాలు. ప్రతి భాగాన్నీ రెండుసార్లు వాయిస్తారు కనుక ట్యూన్ ఒకసారి పూర్తయ్యేసరికి ఎనిమిది ఆవర్తనాలు. స్లిప్ జిగ్ ఒక్కటి వేరు: బారుకు మూడు తకిటలు, రూపకం పట్టి తిస్రంలో నడిపితే దారి దొరుకుతుంది. పోల్కా త్వరగా నడిచే రెండు దెబ్బల లయ, మొదటి నెలకు అదే మేలు.

ఒక ట్యూన్ నేర్చుకొనే తీరు

కాగితం చూసి వాయించడం సెషన్‌లో కుదరదు. నొటేషన్ ఉండకూడదని కాదు. షికాగో నగర పోలీసు అధిపతిగా చేసిన ఫ్రాన్సిస్ ఓ నీల్ 1903లో 1850 ట్యూన్లు అచ్చువేయించాడు. వాటిని వాద్యకారులు ఇప్పటికీ తిరగేస్తారు. కానీ కాగితం మీద ఉండేది ఎముకల గూడు మాత్రమే. చెవితో నేర్చుకొన్నదే పక్కవాడితో కలుస్తుంది.

జాన్ ర్యాన్స్ పోల్కా అనే ట్యూన్‌తో మొదలుపెట్టండి. డి మీద శంకరాభరణం. ఎక్కువగా వినబడే రూపంలో దాని మొదటి నాలుగు బార్లు ఇలా నడుస్తాయి. మొదటి షడ్జాలు తారస్థాయివి, చివరి షడ్జం మధ్యస్థాయిది, "దనిసద" మిగతా స్వరాలకు రెట్టింపు వేగంలో వస్తుంది:

సస దనిసద | పగ పగ | సస దనిసద | పగ రిస

మూడో బారు మొదటి బారే అని చూడగానే తెలుస్తుంది. ఐరిష్ ట్యూన్లన్నీ ఇలాగే తక్కువ సామానుతో కట్టినవి. మొదట వాద్యం పక్కన పెట్టి, దెబ్బ వేస్తూ నోటితో అనాలి. స్వరాలుగా కష్టమైతే "డిడిల్ డైడిల్" అన్నట్లు అర్థంలేని అక్షరాలతో అనవచ్చు. ఐర్లండ్‌లో వాద్యం లేనప్పుడు నాట్యానికి నోటితోనే ఇలా వాయించేవారు. దాన్ని లిల్టింగ్ అంటారు. నోటికి వచ్చిన తరువాత నిమిషానికి 60 దెబ్బల వేగంలో రెండేసి బార్లు వాద్యం మీద పెట్టుకోవాలి. యూట్యూబ్‌లో వినేటప్పుడు ప్లేబ్యాక్ వేగం 0.75కు తగ్గించుకుంటే అలంకారాలు కూడా విడివిడిగా వినిపిస్తాయి. అక్కడి సెషన్లలో జిగ్ నిమిషానికి 110 దెబ్బలకు అటూ ఇటూగా పరుగెత్తుతుంది. మొదటి సంవత్సరం ఆ వేగాన్ని మరిచిపోండి. కొత్తవాళ్ళ కోసం ఐర్లండ్‌లోనే స్లో సెషన్లు విడిగా నడుపుతారు.

రెండవది కెష్ జిగ్, జి మీద. మూడవది స్వాలోటెయిల్ జిగ్, ఇ మీద ఖరహరప్రియ. ఈ మూడూ గదిలో అందరికీ వచ్చేదాకా నాలుగోది ఎత్తవద్దు. ఒకరికి ముప్పై ట్యూన్లు, మిగతావారికి రెండు వచ్చిన కూటమిలో ఆ ఒక్కడు కచేరీ చేస్తాడు, మిగతావారు శ్రోతలవుతారు.

బల్ల చుట్టూ

కుర్చీలు వలయంగా వేయండి. గోడవైపు, తలుపుకు ఎదురుగా ఉండే చోట మాట ఇచ్చిన ఆ ఇద్దరూ కూర్చోవాలి, కొత్తగా వచ్చేవాళ్ళు వాళ్ళకు కనిపించాలి. వినడానికి మాత్రమే వచ్చినవారికి వలయం వెనుక వేరే కుర్చీలు వేయాలి. లోపలి కుర్చీలు ఖాళీగా ఉన్నా వాయించేవాళ్ళ కోసమే ఉంచాలి.

ఎత్తుకొన్నవారిదే వేగం. మీకు ఇంకా త్వరగా వాయించడం వచ్చినా వాళ్ళ వేగంలోనే నడవాలి, ఎత్తుకొన్నది పదేళ్ళ పిల్ల అయినా సరే. ట్యూన్‌ను సాధారణంగా మూడుసార్లు వాయించి, ఆగకుండా మరో ట్యూన్‌లోకి వెళ్తారు. రెండు మూడు ట్యూన్లు కలిస్తే ఒక సెట్. మూడోసారి చివరి భాగంలో ఎత్తుకొన్నవారు తల పైకెత్తి చుట్టూ చూస్తారు, లేదా "హప్" అని ఒక చిన్న కేక వేస్తారు. మారుతున్నదని అందరికీ అర్థమవుతుంది. సెట్టుకూ సెట్టుకూ మధ్య మాట్లాడుకోండి, చాయ్ తాగండి. డూలిన్‌లో కూడా సెషన్‌లో చాలాసేపు మాటలే నడుస్తాయి, మాటలు లేని సెషన్ రిహార్సల్ లాగా ఉంటుంది. కానీ ఆ విరామంలో ఒకరు తనకు వచ్చిందంతా గబగబా వాయిస్తూ ఉండకూడదు, దానివల్ల తరువాత ఎత్తుకోబోయేవారి నోట్లో ఉన్న ట్యూన్ జారిపోతుంది.

అంతగా వాయించడం రానివాళ్ళను ఎత్తుకోమని అడగడం పెద్దవాళ్ళ పని. "అక్కా, మీకు వచ్చిన పోల్కానే ఎత్తుకోండి, మేం వెనకొస్తం" అని ఎవరో ఒకరు అనకపోతే కొత్తగా వచ్చినవారు ఆరు వారాలు విని ఏడో వారం రారు. వాళ్ళకు ఉన్నది ఆ ఒక్క ట్యూనే కావచ్చు. ప్రతివారమూ అదే వాయించనివ్వండి. దిద్దడం వలయంలో చేయకూడదు, మెట్ల దగ్గర చెప్పులు వేసుకొనేటప్పుడు చెప్పుకోవచ్చు.

పాట వచ్చినప్పుడు వాద్యాలన్నీ దించాలి. ఐర్లండ్‌లో షాన్-నోస్ అనే పద్ధతిలో వాద్యం తోడు లేకుండా ఒక్కరే పాడతారు, సెషన్ మధ్యలో ఎవరైనా పాట అందుకుంటే గదంతా నిశ్శబ్దమవుతుంది. పాడేవారి పక్కన కూర్చున్నవారు ఒక్కోసారి వాళ్ళ చెయ్యి పట్టుకొని, పాట నడకకు తగినట్లు నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతారు. కొందరు చివరి మాటలను పాడకుండా మామూలు గొంతుతో పలికి ముగిస్తారు, పాట అయిపోయిందని అదే గుర్తు. పాడినవారికి తరువాత ఎవరు పాడాలో పేరుపెట్టి పిలిచే హక్కు కూడా ఉంటుంది. ఈ వరుసలో మన పాటలకు తలుపు తీయండి. బతుకమ్మ పాట వచ్చిన పెద్దమ్మ, చిరుతల రామాయణం ఆడిన తాత, ఒగ్గుకథ విని పెరిగిన డ్రైవర్ ఆ గదిలో ఐరిష్ ట్యూన్ ఒక్కటీ రాకుండానే పూర్తి సభ్యులవుతారు. బతుకమ్మ పాటకు మాత్రం చెయ్యి తిప్పనక్కరలేదు, ఎట్లాగూ గదంతా ఉయ్యాలో అని అందుకుంటుంది.

కొంతకాలం నడిచాక మార్చి 17న సెయింట్ పాట్రిక్ దినోత్సవం అనో, కళాశాల వార్షికోత్సవం అనో ఎవరో ఒకరు వేదిక మీద వాయించమని అడుగుతారు. వెళ్ళదలచినవారు బృందం కట్టుకొని వెళ్ళవచ్చు, తప్పేమీ లేదు; దాని రిహార్సల్ మాత్రం ఆదివారపు వేళలో పెట్టకండి.

డూలిన్‌కు వెళ్తే

మన జిల్లాల పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు డబ్లిన్, గాల్వే, లిమరిక్ చేరుతున్నారు. వాళ్ళను చూడటానికి వెళ్ళే తల్లిదండ్రులు బ్యాగులో విజిల్ ఒకటి వేసుకొని వెళ్ళవచ్చు. గాల్వే నుంచి 350 నంబరు బస్ మోహర్ కొండచరియలకు పోయే దారిలో డూలిన్‌కు పోతుంది. సాయంత్రం కాస్త ముందుగా వెళ్ళి, వాద్యాల పెట్టెలు పెట్టి ఉన్న కుర్చీల్లో కూర్చోకుండా, పక్కన చోటు చూసుకోవాలి. మద్యం అలవాటు లేకపోతే టీ అడగవచ్చు, ఎవరూ వింతగా చూడరు. ఫోన్‌లో రికార్డు చేసేముందు అడగాలి; చాలామంది సరేనంటారు. రెండు సెట్లు విన్న తరువాత, విరామంలో, ఆ వలయాన్ని నడిపించేవారి దగ్గరకు వెళ్ళి "విజిల్ కొంచెం వచ్చు, కలవచ్చా" అని అడిగితే దాదాపుగా జరిగి చోటిస్తారు. మీకు తెలిసిన ట్యూన్లు వస్తేనే వాయించండి. వాళ్ళు ఒకటి ఎత్తుకోమంటే జాన్ ర్యాన్స్ పోల్కా ఎత్తుకోండి, ఆ గదిలో అది రానివారు ఉండరు. మీకు నడిచే వేగంలోనే ఎత్తుకోండి.